అమ్మకి అడుగు కనిపించే సముద్రం చూపించాలి: అండమాన్ ప్రయాణానికి సలహాలు కావాలి

కౌశిక గట్టు (అమలాపురం)

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం పక్క పల్లెటూరు. వ్యవసాయం, కాస్త కొబ్బరి. ఇంట్లో అయిదుగురం: నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి, మా అమ్మ. అమ్మకి 66 నిండాయి. మోకాళ్లు అరిగాయి. చదునుగా ఉన్న చోట మెల్లగా నడుస్తుంది, మెట్లంటే మాత్రం కష్టం.

అమ్మ పుట్టింది గౌతమి లంకలో. 1986 వరదలో పుట్టిల్లు పోయింది. జన్మంతా నీళ్ల పక్కనే బతికింది గానీ ఆమె చూసినవన్నీ ఎర్రనీళ్లు, బురద నీళ్లే. అంతర్వేదిలో సముద్రస్నానం చేసినా నడుం లోతులో కాళ్లు కనపడవు కదండీ. మొన్న టీవీలో ఏదో దీవి చూపిస్తుంటే పడవ గాలిలో నిలబడ్డట్టుంది, కింద ఇసక, చేపలు కనిపిస్తున్నాయి. "నీళ్లకి అడుగు కనపడుతుందేంట్రా, నిజవేనా?" అని అడిగింది. నాన్న పోయాక ఆవిడ నోరు తెరిచి ఒకటి అడగడం ఇదే.

ఒక ఏజెన్సీ వాళ్లు నాలుగు రాత్రులు, అయిదు పగళ్ల ప్యాకేజీ ఇచ్చారు. అందులో పోర్ట్ బ్లెయిర్, సెల్యులార్ జైలు, రాస్, నార్త్ బే, హేవ్‌లాక్, నీల్, బరతంగ్ గుహలు అన్నీ ఉన్నాయి. చూస్తే బాగానే ఉంది. కొత్తవాళ్లం, ఎవరమూ విమానం ఎక్కలేదు. సంక్రాంతి అయ్యాక వెళ్లాలని. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఇది సరైనదేనా? అండమాన్ కాకుండా ఇంకేదైనా మంచిదా?

యానాం చెల్లి

అన్నయ్యా, మేం ఒకసారి మాల్దీవులు, ఒకసారి అండమాన్ వెళ్లాం, రెండోసారి మా అత్తగారితో. మాల్దీవుల నీళ్ల గురించి వంక పెట్టడానికి లేదు. మనవాళ్లకి వీసా అక్కడ దిగాకే ఇస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. కానీ రిసార్టు దీవికి చేర్చే స్పీడ్‌బోటుకో, నీటి మీద దిగే విమానానికో వేరే డబ్బు కట్టాలి. అయిదుగురికి అదే పెద్ద ఖర్చు. పైగా పెద్దావిడకి మాట్లాడ్డానికి మనిషి దొరకదు. మా అత్తగారు అండమాన్‌లో మాత్రం బజారుకెళ్లి కూరగాయలావిడతో శ్రీకాకుళం కబుర్లు చెప్పుకుంది. అక్కడ తెలుగువాళ్లు చాలామంది.

లక్షద్వీప్ కూడా బాగుంటుందంటారు. మొత్తం 36 దీవులు, మనుషులుండేవి పదే. ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి, కొచ్చి వెళ్లాలి, చిన్న విమానమో ఓడో. అమ్మగారితో మొదటి ప్రయాణానికి అంత తిరుగుడు వద్దు. అండమాన్‌కే నా ఓటు. పోర్ట్ బ్లెయిర్‌కీ, హేవ్‌లాక్‌కీ, నీల్‌కీ మనకి అనుమతి పత్రాలేం అక్కర్లేదు, ఆధార్ చాలు.

పాత కాపు (రాజోలు)

నేను పోర్ట్ బ్లెయిర్‌లో 11 ఏళ్లు భవనాల పనులు చేయించాను. ముందొక మాట. ఆ ప్యాకేజీ కాగితం పక్కన పెట్టేయండి. అయిదు రోజుల్లో అన్ని చోట్లంటే ప్రతి పూటా సామాను కట్టడం, విప్పడం, జెట్టీలో వరసలో నిలబడటం. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది శిక్ష.

పేర్ల దగ్గర కంగారు పడకండి. పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం అన్నారు. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్‌కి నేతాజీ పేరు పెట్టారు. టికెట్ల మీద కొత్త పేర్లుంటాయి, ఆటోవాళ్లు పాత పేర్లే అంటారు.

ఇక బరతంగ్. దాన్ని పూర్తిగా తీసేయండి. తెల్లవారుజామున మూడు గంటలకి లేపుతారు. జిర్కతాంగ్ దగ్గర బళ్లన్నీ వరస కట్టి, పోలీసు కాపలాతో జారవాలనే ఆదివాసుల అడవిలోంచి వదులుతారు. అవతల బళ్లు పంటు ఎక్కాలి, మన సఖినేటిపల్లి రేవు లాగే. ఆ తర్వాత మడ అడవిలో స్పీడ్‌బోటు, దిగాక గుహలదాకా ఎగుడుదిగుడు దారిలో కిలోమీటరుకి పైగా నడక. మీ అమ్మగారి వల్ల కాదు.

ఇంకో సంగతి. ఆ రోడ్డు వాళ్ల ఇంట్లోంచి వెళ్తుంది. జారవాలు కొన్ని వందల మందే మిగిలారు. ఆ అడవి భాగంలో రోడ్డు మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు, తిండి ఇవ్వకూడదు, తప్పితే జైలు. అయినా జనం గుహల పేరు చెప్పి మనుషుల్ని చూడ్డానికే వెళ్తున్నారు. పని మీద ఎన్నోసార్లు ఆ దారిన వెళ్లాను. కిటికీలకి అతుక్కున్న మొహాలు చూసి ప్రతిసారీ సిగ్గేసేది. పిల్లలకి అది చూపించకండి.

కౌశిక గట్టు (అమలాపురం)

బాబాయ్ గారూ, మీరు చెప్పింది చదివి ఇంట్లో వినిపించాను. బరతంగ్ కొట్టేశాం. మరి ఎన్ని రోజులు, ఎక్కడెక్కడ?

వేట పడవ (ఓడలరేవు)

కౌశిక గట్టు అన్నా, అమ్మ అడిగిన దానికి ముందు నేను చెప్తాను. మాది వేట కుటుంబం, మూడు తరాలు.

మన సముద్రం బురదగా ఎందుకుంటుందంటే గోదారి తెచ్చే ఒండ్రు. వరదలప్పుడు తీరం నుంచి చాలా దూరం దాకా ఎర్రగానే ఉంటుంది. మిగతా రోజుల్లో కూడా లోతు తక్కువ, అడుగున మెత్తటి మట్టి, అల కొట్టినప్పుడల్లా అది లేస్తుంది. మన పొలాలు పండేదీ ఆ ఒండ్రు వల్లే, కాబట్టి దాన్ని తప్పు పట్టకూడదు. అండమాన్‌లో పెద్ద నదుల్లేవు. తీరమంతా అడవి, మట్టి కదలదు. అడుగున పగడాల ఇసక, బరువుగా ఉంటుంది, లేచినా వెంటనే కిందకి దిగిపోతుంది. అందుకే అడుగు కనిపిస్తుంది.

కానీ ఏ రోజు పడితే ఆ రోజు కనిపించదు. పోటూ పాటూ చూసుకోవాలి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా లాగుతుంది, నీళ్ల ఉరవడి ఎక్కువ. అష్టమి నవమి రోజుల్లో రెండూ మందం, నీళ్లు నిలకడగా ఉంటాయి, తేరుకుంటాయి. నీల్ దీవిలో భరత్‌పూర్ అని ఒక తీరముంది. అక్కడ అద్దం అడుగు పడవలు తిప్పుతారు. పాటు మరీ లాగితే పగడాలు బయటపడిపోయి పడవ నడవదు. కాబట్టి అమ్మని అష్టమికి అటూ ఇటూగా నీల్‌లో ఉంచు. ప్యాకేజీవాళ్లు పొద్దున్న దించి మధ్యాహ్నం ఎక్కించేస్తారు. ఆ రెండు మూడు గంటల్లో పాటు పడితే మీ అమ్మకి రాళ్లే కనపడతాయి.

లెక్కల మేష్టారు (రామచంద్రపురం)

పై మాట బంగారం లాంటిది. దానికి పంచాంగం కలుపుతాను.

కౌశిక గట్టు గారు సంక్రాంతి తర్వాత అన్నారు. ముక్కనుమ దాకా మీరు ఊరు దాటరు, జగ్గన్నతోట ప్రభలు వదులుకోరు. ఆ తర్వాత దాళ్వా, అంటే రెండో పంట, ఊడ్పులు. మాఘంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది కల్యాణం, పౌర్ణమికి చక్రస్నానం. పౌర్ణమి నుంచి మహాశివరాత్రి దాకా పదమూడు రోజుల ఖాళీ. ఇంచుమించు మధ్యలో బహుళ అష్టమి. అమ్మగారికి రెండు తీర్థాలూ దక్కుతాయి, వేట పడవ చెప్పిన నీళ్లూ దక్కుతాయి. పిల్లలు చిన్న తరగతులు, పబ్లిక్ పరీక్షలు కావు. వారం రోజులు సెలవు చీటీ రాసివ్వండి, నేనైతే సంతోషంగా ఇస్తాను.

వాతావరణం కూడా అప్పుడే బాగుంటుంది. అక్కడికి నైరుతి మనకంటే ముందు వస్తుంది, మే నెల మూడో వారం నాటికే. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం ఎలా ఉంటుందో 1996 తుపాను చూసిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం శాంతంగా ఉంటుంది. వేసవి సెలవులని మే దాకా ఆగకండి.

ఇంకొక లెక్క. మన దేశపు గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం మీద, అది మన కాకినాడకి దగ్గరగానే పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మనకంటే సుమారు 40 నిమిషాలు ముందు నడుస్తాడు, గడియారం మాత్రం ఒకటే. ఫిబ్రవరిలో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గూకుతుంది. పది గంటలకి టిఫిన్ తిని బయల్దేరితే సగం రోజు పోయినట్టే. మన రైతులకి ఇబ్బంది లేదు లెండి, ఎలాగూ నాలుగున్నరకి లేస్తాం.

నరసాపురం లేసు

మేష్టారూ, మీ పదమూడు రోజుల లెక్క నోటుపుస్తకంలో రాసుకున్నాను, మా ఇంటికీ పనికొస్తుంది.

ఒక కష్టం చెప్తాను. మేం ఆఖరి రాత్రి హేవ్‌లాక్‌లో ఉన్నాం. పొద్దున్న ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్లి మధ్యాహ్నం విమానం ఎక్కాలని ప్యాకేజీవాళ్లు రాసిచ్చారు. ఆ పొద్దున గాలి లేచింది, ఓడ ఆపేశారు. విమానం వెళ్లిపోయింది. నలుగురికి మళ్లీ టికెట్లు కొన్నాం. ప్యాకేజీవాళ్లు ఫోను ఎత్తడం మానేశారు. మా మావయ్య గారికి మందులు కూడా అయిపోయాయి. ఆ రోజు జెట్టీ దగ్గర బల్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏది మర్చిపోయినా ఇది మర్చిపోకండి. తిరుగు విమానం ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి.

పాత కాపు (రాజోలు)

నరసాపురం అమ్మాయి చెప్పింది రాయి మీద చెక్కుకోవాలి.

మేష్టారి తిథులకి నా లెక్క ఇది. బహుళ తదియనాడు పోర్ట్ బ్లెయిర్‌లో దిగండి, ఆ రాత్రి అక్కడే. చవితి, పంచమి హేవ్‌లాక్. షష్ఠి, సప్తమి, అష్టమి నీల్. నవమి రాత్రి తిరిగి పోర్ట్ బ్లెయిర్, దశమికి ఇల్లు. ఏడు రాత్రులు. హేవ్‌లాక్‌కి ఎక్కువ పేరు కాబట్టి అందరూ అక్కడే ఎక్కువ ఉంటారు. మీ పని వేరు. మీ అమ్మగారి నీళ్లు నీల్‌లో ఉన్నాయి.

నీల్ చాలా చిన్న దీవి. ఆటోలో అరగంటలో ఈ కొస నుంచి ఆ కొస చూసేస్తారు. అక్కడ ఊళ్ల పేర్లు రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. అమ్మగారికి ఆ పేర్లు వింటేనే కడుపు నిండుతుంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు కట్టుకున్న ఊళ్లవి. వరి వేస్తారు, కూరగాయలు పండించి పోర్ట్ బ్లెయిర్‌కి పంపుతారు. మీరు రైతు కదా, గట్ల మీద నిలబడి వాళ్లతో మాట్లాడండి. భరత్‌పూర్ తీరం జెట్టీకి పక్కనే. అక్కడికి దగ్గర్లో, కింది అంతస్తులో గది తీసుకోండి. లక్ష్మణ్‌పూర్ రెండో తీరంలో రాతి వంతెన ఉంటుంది, సముద్రం తొలిచిన రాయి. అది పాటు సమయంలోనే చూడాలి, దారంతా జారే రాళ్లు. పిల్లల్ని మీరు తీసుకెళ్లండి, అమ్మగారు వద్దు.

హేవ్‌లాక్‌లో రాధానగర్ తీరం జెట్టీకి 12 కిలోమీటర్లు. ఆసియాలోకెల్లా మంచి తీరమని 2004లో టైమ్ పత్రిక రాసినప్పటి నుంచి పేరు పెరిగింది. పడమటి వైపు తీరం కాబట్టి నాలుగు గంటలకల్లా వెళ్లి పొద్దు గూకేదాకా కూర్చోండి. ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో వెళ్లొచ్చు, పిల్లలకి మాస్కు పెట్టి పగడాలు చూపిస్తారు.

మొసళ్లున్నాయి. ఉప్పునీటి మొసళ్లు, పెద్దవి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ అమ్మాయి ప్రాణం పోయింది. బోర్డు పెట్టిన చోట, మడ చెట్లున్న చోట, చీకటి పడ్డాక నీళ్లలో దిగొద్దు. కాపలావాళ్లున్న చోటే దిగండి.

ముమ్మిడివరం మందుల కొట్టు

ఆరోగ్యం సంగతి నేను చెప్తానండి.

ఓడలో వాంతులు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ సుమారు 40 కిలోమీటర్లు. ప్రైవేటు ఓడ అయితే గంటన్నర, ప్రభుత్వ ఓడ అయితే రెండున్నర గంటల దాకా. ప్రైవేటు వాటిలో ఏసీ గదిలో కూర్చోబెడతారు, గాలి తగలదు. కింది అంతస్తులో, మధ్య సీట్లు అడగండి, ఊపు తక్కువ. వాంతుల మాత్ర ఎక్కాక వేసుకుంటే ఉపయోగం లేదు, గంట ముందు వేసుకోవాలి. అమ్మగారికి బీపీ, షుగరు మందులుంటే డాక్టరుని అడగకుండా ఇవ్వొద్దు. ఇడ్లీ లాంటిది కొంచెం తినాలి, ఖాళీ కడుపు పనికిరాదు.

మందులు పదిహేను రోజులకి సరిపడా చేతిసంచిలో పెట్టుకోండి, చీటీతో సహా. మోకాలి పట్టీ, చేతికర్ర. విమానం టికెట్ కొనేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని చెప్పండి, డబ్బు తీసుకోరు. సిగ్గుపడి వద్దనొద్దు, విమానాశ్రయాల్లో నడక మన బస్టాండు లాగా ఉండదు.

సముద్రం అడుక్కి దింపే డైవింగ్ పదేళ్లు నిండని పిల్లలకి వద్దు. మీరు చేస్తే ఆ తర్వాత 18 గంటలు విమానం ఎక్కొద్దు. రక్తంలో చేరిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి, పైకి ఎగిరితే బుడగలు కడుతుంది.

కౌశిక గట్టు (అమలాపురం)

కళ్లు చెమర్చాయండి. నాకు తెలియని మా అమ్మ ప్రయాణాన్ని మీరందరూ ఇంత జాగ్రత్తగా కడుతున్నారు. దాళ్వా వంతు నీళ్లు మా బావమరిది చూసుకుంటానన్నాడు.

రెండు ప్రశ్నలు. విశాఖ నుంచి ఓడ ఉందని విన్నాను, ఖర్చు తగ్గుతుందా? రెండోది అమ్మది. ఇంటి చెట్టు కొబ్బరికాయ ఒకటి తీసుకెళ్లి ఆ సముద్రానికి ఇవ్వాలంటోంది. చలివిడి, ఆవకాయ, దారిలోకి ఎండుకొబ్బరి కారప్పొడి కూడా కడుతోంది.

పాత కాపు (రాజోలు)

ఓడ ఉంది. నేను మొదటిసారి వెళ్లింది దాంట్లోనే. రెండు రోజులు దాటుతుంది, గాలి బట్టి ఇంకా ఆలస్యం. నెలకొకటీ అరా, తేదీలు కూడా చివరిదాకా తేలవు. శ్రీకాకుళం కూలీలు, వాళ్ల కుటుంబాలు, పెళ్లిళ్లకొచ్చి వెళ్లేవాళ్లు అందులో ఉంటారు. మూడో రోజు పొద్దున్నే పచ్చటి కొండలు కనపడితే గుండె ఆగుతుంది. ఒంటరి కుర్రాడైతే అదే ఎక్కమంటాను. మెట్లెక్కలేని అమ్మగారికి, శివరాత్రికి ఇల్లు చేరాల్సిన మీకు అది కుదరదు.

విమానానికి రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్లి అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్, లేదా రైల్లో చెన్నై వెళ్లి అక్కడి నుంచి. చెన్నై నుంచి గాలిలో రెండు గంటల పైచిలుకు. చెన్నైలో ఒక రాత్రి విశ్రాంతి దొరుకుతుంది, నేనైతే అదే చేస్తాను. కిటికీ సీటు అమ్మగారికివ్వండి. దిగే ముందు దీవులు, వాటి చుట్టూ లేతాకుపచ్చ నీళ్లు పైనుంచే కనపడతాయి.

ముమ్మిడివరం మందుల కొట్టు

ఎండుకొబ్బరి గురించి ఆగండి! ఎండుకొబ్బరిని విమానంలో రానివ్వరు. నూనె ఎక్కువ, వేడెక్కి మండే సరుకు కింద లెక్క. మనవాళ్లు అలవాటుగా కట్టుకెళ్లి తనిఖీలో సంచులు విప్పాల్సి వస్తోంది. చిప్పలూ ముక్కలూ వద్దు, కారప్పొడి కూడా కొబ్బరి లేకుండా కొట్టండి. ఆవకాయ గట్టిగా మూతపెట్టి లోపలేసే సామానులో పెట్టండి, చేతిసంచిలో పెడితే నూనె చూసి ఆపుతారు.

యానాం చెల్లి

కొబ్బరికాయ అక్కడే కొనండి అన్నయ్యా. అండమాన్ నిండా కొబ్బరి తోటలే, అమ్మకి మన అంబాజీపేట గుర్తొస్తుంది. తోటలో దగ్గరుండి కోయించుకుంటే అదీ ఇంటి కాయ లాంటిదే. ఒకటి మాత్రం చెప్పండి. కొట్టాక పీచూ చిప్పా తీరంలో వదలొద్దు, ప్లాస్టిక్ కవర్లు అసలే వద్దు.

పిల్లలకి కూడా చెప్పాలి. పగడపు ముక్క, గవ్వ, శంఖం ఏదీ జేబులో వేసుకోకూడదు. 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయంలో సామాను వెతుకుతారు. మా ముందున్న ఒక పాప చేతిలోంచి చిన్న పగడం ముక్క తీసుకుంటే ఎంత ఏడ్చిందో. ముందే చెప్పి ఉంటే ఆ ఏడుపుండేది కాదు. నీళ్లలో పగడాల మీద కాలు పెట్టకూడదని కూడా చెప్పండి. చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ ప్రాణమున్నది.

లెక్కల మేష్టారు (రామచంద్రపురం)

పోర్ట్ బ్లెయిర్‌లో మొదటి సాయంత్రం సెల్యులార్ జైలు చూడండి. చాలామంది దాన్ని అరగంటలో తిరిగేసి బీచీలకి పరుగెత్తుతారు. మన జిల్లావాళ్లు అలా చేయకూడదు.

1906లో కట్టడం పూర్తయింది. నక్షత్రంలా ఏడు రెక్కలు, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గదిలోంచి ఇంకో గది మనిషి మొహం కనపడకుండా కట్టారు. 1922–24 రంప పోరాటంలో పట్టుబడ్డ మన్యం మనుషుల్ని కొందరిని ఆ దీవులకే పంపారు. 1933 కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి గారు ఆ జైల్లో గడిపారు. కాకినాడ నుంచి అక్కడికి! మధ్య గోపురం గోడల మీద ఖైదీల పేర్లు చెక్కి ఉన్నాయి. మీ అమ్మాయి ఏడో తరగతి కదా, ఆ పేర్లు గట్టిగా చదవమనండి. అమ్మగారు మెట్లెక్కక్కర్లేదు, కింది వరస గదులు చూసి, ఉరికొయ్య గది దగ్గర ఒక నిమిషం నిలబడితే చాలు.

మర్నాడు ఓడకి ముందు తీరిక ఉంటే, లేదా నవమినాడు, రాస్ దీవికి వెళ్లొచ్చు. దాని మీద బ్యాటరీ బండి తిరుగుతుంది, నడవక్కర్లేదు. బ్రిటిష్‌వాళ్ల బంగళాల గోడల్ని రావి, మర్రి వేళ్లు మింగేశాయి. 1941 భూకంపం, ఆ మరుసటి ఏడు జపానువాళ్లు రావడం, దానితో బ్రిటిష్‌వాళ్ల రాజధానిగా ఆ దీవి పని అయిపోయింది.

వేట పడవ (ఓడలరేవు)

అన్నా, అద్దం పడవ ఎక్కేటప్పుడు నీళ్లలో నడిచి ఎక్కాలి, పడవ ఊగుతుంది. ఇద్దరు పడవవాళ్లని అటొకరు ఇటొకరు పట్టుకోమను. పొద్దున్న పడవ నడిచేంత నీళ్లున్న రోజు చూసుకో. ఎండ నిలువుగా పడేకొద్దీ అడుగు బాగా తెలుస్తుంది గానీ గాలి లేవకముందే ఎక్కాలి. పోటు రోజురోజుకీ ముప్పావుగంట పైగా ఆలస్యంగా వస్తుంది. మూడు రోజులుంటారు కాబట్టి ఒక రోజైనా మంచి వేళ దొరకొచ్చు. దిగగానే అక్కడి పడవవాళ్లనే అడుగు, ఫోనులో చూసేదాని కన్నా వాళ్లకి బాగా తెలుసు.

కౌశిక గట్టు (అమలాపురం)

శివరాత్రి ముక్తేశ్వరంలో చేసుకుని రాస్తున్నాను. వెళ్లొచ్చామండి.

అన్నీ సాఫీగా జరగలేదు. హేవ్‌లాక్‌లో అబ్బాయికి జ్వరం, ఎలిఫెంట్ బీచ్ మానేశాం. నీల్‌కి వెళ్లే ఓడ మూడు గంటలు ఆలస్యం. ఖర్చు విమానాలతో కలిపి రెండు లక్షలకి దగ్గరపడింది, అనుకున్నదానికన్నా ఎక్కువే. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాం కాబట్టి నిద్ర పట్టింది, నరసాపురం అక్కకి దణ్ణం.

జైలు దగ్గర మా అమ్మాయి పేర్లు చదివింది. అమ్మ చెప్పులు విప్పి నిలబడింది. ఎవరూ చెప్పలేదు విప్పమని.

నీల్‌లో మొదటి రోజు పాటు, పడవల్లేవు. రెండో రోజు గాలి. అష్టమినాడు పొద్దున్న తొమ్మిదింటికి ఎక్కాం. అమ్మ అద్దం మీదకి వంగి ఇరవై నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు. నీలం చేపలు, పసుపు చారల చేపలు గుంపులుగా పోతున్నాయి. ఒకచోట పెద్ద పగడం, మెదడు ఆకారంలో. పడవతను తిప్పి చూపించాడు.

కానీ ఆమెకి ఎక్కువ నచ్చింది అది కాదు. పడవ దిగాక ఒడ్డు దగ్గరే మోకాలి లోతు నీళ్లలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, వంగి నీళ్లలోకి చూస్తూ, "నా కాలి మట్టెలు కనపడుతున్నాయిరా" అంది. నాన్న పోయాక మట్టెలు తీసేసింది. అవి లేవు, వేళ్ల మీద వాటి మచ్చలున్నాయి. నేనేం అనలేదు. పన్నెండింటిదాకా అలాగే కూర్చుంది, మా అబ్బాయి ఆమె కాళ్ల చుట్టూ చేపపిల్లల్ని లెక్కపెడుతున్నాడు. కొబ్బరికాయ సీతాపూర్ తోటలో కోయించింది, కొట్టి, చిప్పలు సంచిలో వేసుకుని గదికి తెచ్చుకున్నాం.

నరసాపురం లేసు

తమ్ముడూ, మట్టెల దగ్గర ఆగిపోయి మళ్లీ చదివాను. వచ్చే మాఘానికి మా అమ్మని తీసుకెళ్తాను, ఆవిడకి 71. నీల్‌లో మీరున్న గదికి మెట్లు ఎన్ని? జెట్టీలో ఓడ దిగేటప్పుడు అమ్మగారు ఎలా దిగారు?

కౌశిక గట్టు (అమలాపురం)

గదికి రెండే మెట్లక్కా, పట్టుకోవడానికి కమ్మీ ఉంది. ఓడ నుంచి జెట్టీకి వేసే బల్ల పాటు సమయంలో ఏటవాలుగా ఉంటుంది, అక్కడ భయపడింది. అందరూ దిగాక చివర్న దించమని ఓడవాళ్లకి ముందే చెప్పండి, ఇద్దరొచ్చి పట్టుకుంటారు. కుర్చీ భరత్‌పూర్ తీరంలో టీ కొట్టు ఆవిడ ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. బెంగాలీ ఆవిడ. వెళ్తే మా అమ్మ అడిగిందని చెప్పండి, గుర్తుపడుతుంది.